ఏ ఆట గొప్పదో తేల్చిన పంచాయితీ

ఫోన్లో ఆడే ఆటల్లో ఏది గొప్పదని మా పాల్వంచలో ఎవరికైనా అనుమానం వస్తే మా తమ్ముడు మన్సూర్ దగ్గరికి వచ్చేవాళ్ళు. ఎగతాళికి అనడం లేదు, నిజంగానే వచ్చేవాళ్ళు. కొత్త ఫోన్ కొన్నవాళ్ళు, కాలేజీ పిల్లలు, ప్లాంటులో వాడితో పనిచేసేవాళ్ళు, అందరూ. వాడు చాయ్ గ్లాసు కింద పెట్టి, గొంతు సవరించుకుని, పబ్జీ ఎందుకు గొప్పదో, ఫ్రీ ఫైర్ దాని కాలిగోటికి కూడా ఎందుకు సరిపోదో ఓపిగ్గా చెప్పేవాడు. ఇంట్లో ఉప్పు ఉందా లేదా అంటే తెలియని మనిషి, ఏ తుపాకీ ఎంత దూరం కొడుతుందో మాత్రం నిద్రలో లేపి అడిగినా చెప్పేవాడు. మిగతా విషయాల్లో వాణ్ని ఎవరూ ఏమీ అడగరు. అందుకే వాడికి ఆ ఒక్క ప్రశ్న అంటే అంత ప్రాణమని నా అభిప్రాయం.

నా పేరు షహజాది. బస్టాండు వెనక సందులో బ్లౌజులు కుడతాను, మగ్గం వర్క్ చేస్తాను. ఇంట్లో మేం మాట్లాడేది ఉర్దూ. చదివింది తెలుగు మీడియం కాబట్టి రాయడానికి నాకు తెలుగే వస్తుంది, మా మాటలు కూడా తెలుగు చేసే రాస్తున్నాను; నాన్నను అబ్బా అనీ, అక్కను ఆపా అనీ, బావను దూలాభాయ్ అనీ పిలిచే పిలుపులు మాత్రం అట్లాగే ఉంచాను. రాయాల్సిన అవసరం ఏమొచ్చిందంటే, మా తమ్ముడి సంసారం గురించి సందులో తలా ఒక కథ చెప్పుకుంటున్నారు. మా మరదలు సుమేరా పిల్లాణ్ని తీసుకుని పుట్టింటికి వెళ్ళింది. తిరిగి వస్తుందా రాదా అన్నది ఈ రోజు వరకు తేలలేదు. ఆటల పిచ్చి కొంప ముంచిందని అందరూ ఒక్క మాటలో తేల్చేస్తున్నారు. ఒక్క మాటలో తేల్చేవాళ్ళంటే నాకు ఒళ్ళు మంట.

మా అబ్బా బొగ్గు లారీలకు టార్పాలిన్లు కుట్టేవారు. అమ్మీ ముందే పోయింది, మన్సూర్ పదో తరగతిలో ఉండగా అబ్బా కూడా పోయారు. వాణ్ని తిట్టి, కొట్టి, తినిపించి, ఐటీఐ చదివించింది నేనే. ఫిట్టర్ పని నేర్చుకున్నాడు. పవర్ ప్లాంటులో కాంట్రాక్టు కింద బొగ్గు బెల్టు మీద పెట్టుకున్నారు. బెల్టు మీద బొగ్గు పోతూ ఉంటుంది, అందులో రాళ్ళో ఇనప ముక్కలో కట్టెలో వస్తే ఏరెయ్యాలి, బెల్టు పక్కకు జరిగితే చూసి చెప్పాలి. షిఫ్టంతా దుమ్ము, చప్పుడు. ఇంటికొచ్చాక కూడా వాడు గట్టిగా మాట్లాడేవాడు, చెవుల్లో ఆ హోరు అట్లాగే ఉండేదట.

అక్కడ ఒక పద్ధతి ఉంది. తర్వాతి షిఫ్టు మనిషి, అంటే రిలీవర్, వచ్చి పక్కన నిలబడేదాకా ఎవరూ తమ చోటు వదలకూడదు. కడుపు నొప్పి వచ్చినా, వాన ముంచెత్తినా అంతే. చాలామంది సూపర్‌వైజర్ కళ్ళు గప్పి జారుకుంటారు. మా వాడు జారుకునే రకం కాదు. ఒకసారి వాగు పొంగి రిలీవర్ రాకపోతే రెండో షిఫ్టు కూడా వాడే నిలబడ్డాడు. ఇంటికొచ్చి నాతో అంత గొప్పగా చెప్పుకున్నాడు. నేనూ సందులో నలుగురికి గొప్పగా చెప్పుకున్నాను. ఆ నమ్మకస్తుడి గుణమే తర్వాత మాకు చుట్టుకుంటుందని అప్పుడు ఎవరికి తెలుసు!

ప్లాంటులో ఉదయ్ భాస్కర్ అని ఒక ఇంజినీరు ఉన్నాడు. మంచివాడే, పాపం, కాకపోతే బెల్టు మీద పనిచేసేవాళ్ళ ముఖాలు గుర్తుపెట్టుకోవలసిన అవసరం ఆయనకు లేదు. అలాంటి మనిషి ఎట్లా తెలుసుకున్నాడో, మన్సూర్ పబ్జీ బాగా ఆడతాడని తెలుసుకున్నాడు. నలుగురు కలిసి ఆడే ఆట కదా, వీళ్ళ జట్టులో చేరాడు. జట్టుకు నాయకుడు మా వాడు. పొద్దున బెల్టు దగ్గర తలెత్తి చూడని సారు, మధ్యాహ్నం చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుని "మన్సూర్, ఎటు పోవాలి? మన్సూర్, నేనిక్కడ ఉన్న, జల్దీ రా" అని బతిమాలేవాడు. "సార్, లేవకుండ్రి, గోడ పక్కకే ఉండుండ్రి, నేనొస్తున్న" అని మా వాడు హుకుం ఇచ్చేవాడు. ఆ మాట అనేటప్పుడు వాడి వెన్ను నిటారుగా అయ్యేది. నాకు నవ్వొచ్చేది, జాలి కూడా వేసేది.

ఇక సుమేరా. దమ్మపేటలో మోటార్ వైండింగ్ షాపు నడిపే అబూబకర్ గారి కూతురు. తక్కువ మాట్లాడుతుంది. పెళ్ళయి వచ్చిన కొత్తలో వంటింట్లో పొయ్యి మీద అన్నం పెట్టి, గోడకు ఆనుకుని, అద్దం పగిలిన ఫోన్లో ఏదో ఆడుతుంటే చూశాను. ఫ్రీ ఫైర్ అట. వాళ్ళ తమ్ముడు సోహైల్ నేర్పాడట. అన్నం ఉడికేలోపు ఆట ఒకటి అయిపోయేది, ఫోన్ పక్కన పెట్టి లేచి గంజి వార్చేది. ఎవరితోనూ మాట్లాడకుండా, మైకు ఆపేసుకుని ఆడేది. ఎందుకమ్మా అంటే, "ఆడగొంతు వినబడితే మగపిల్లలు ఆట ఆపేసి వాగుడు మొదలుపెడతారు ఆపా" అంది. బాగా ఆడేది. ఎంత బాగా అంటే, పోటీలకు రమ్మని ముక్కూ ముఖం తెలియనివాళ్ళు పిలిచేవాళ్ళు. ఈ సంగతి నాకు సోహైల్ చెప్పాడు. ఆమె చెప్పుకోలేదు.

మా వాడికి ఇదంతా పెద్ద వినోదం. "గది చిన్నపిల్లల ఆట సుమేరా. కార్టూన్. ఒకపారి నాది ఆడి చూడు" అని రోజూ వేధించేవాడు. ఒకసారి నేను అక్కడే కూర్చుని చిక్కుడుకాయలు వలుస్తున్నాను. సుమేరా తలెత్తకుండా అంది: "మీ ఆట ఆడాలంటే అరగంట కావాలి. మధ్యలో లేవొద్దు. ఈ ఇంట్లో నాకు అరగంట ఎవరిస్తారు?"

మన్సూర్ పకపకా నవ్వాడు. నవ్వడమే కాదు, ప్లాంటు గేటు ఎదురుగా ఉన్న చాయ్ హోటల్లో ఆ మాటను పదిమందికి చెప్పాడు, ఓపిక లేనివాళ్ళ కోసమే ఆ ఆట చేశారనడానికి తన పెళ్ళామే సాక్ష్యమని. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఓరి మూర్ఖుడా, ఆమె చెప్పింది ఆట సంగతి కాదురా, అన్నాను. వాడికి ఎక్కలేదు. నాకు మాత్రం ఆ రోజే ఆ గొడవ తేలిపోయింది. ఒకటేమో అరగంట తమది అనుకోగలిగినవాళ్ళ ఆట. ఇంకొకటి పది నిమిషాలు దొంగిలించుకునేవాళ్ళ ఆట. ఇందులో ఏది గొప్పదని చాయ్ హోటల్లో కూర్చుని తేల్చేది ఎప్పుడూ అరగంట ఉన్నవాళ్ళే.

జునైద్ పుట్టాక సుమేరాకు ఆ పది నిమిషాలు కూడా పోయాయి. ఫోన్ బియ్యం డబ్బా మీద పడి ఉండేది. "చూసినవా ఆపా, గా ఆట ఆమెకే బోర్ కొట్టింది" అన్నాడు మా వాడు. ఏం అంటాం!

మొన్న వానలు వెనకబట్టే రోజుల్లో జునైద్‌కు జ్వరం తగిలింది. వాడికి రెండేళ్ళు నిండాయి అప్పటికి. మన్సూర్‌ది పొద్దుటి షిఫ్టు. వెళ్ళేటప్పుడు సుమేరా చెప్పింది, పిల్లాడి ఒళ్ళు కాలిపోతోంది, మధ్యాహ్నం తిన్నగా ఇంటికి రండి, దవాఖానాకు తీసుకుపోదాం అని. వస్తానన్నాడు. రిలీవర్ వచ్చాక గేటు బయటికి కూడా వచ్చాడు. అక్కడ ఉదయ్ భాస్కర్ సారు ఫోన్ చేశాడు, ఒక్క మ్యాచ్ ఆడదాం, తర్వాత మీటింగ్ ఉందని. ఒక్క మ్యాచ్చే కదా అని వీడు చాయ్ హోటల్లో కూర్చున్నాడు. ఆట మధ్యలో ఫోన్లు వస్తే ఆట ఆగిపోతుందని, కాల్స్ లోపలికి రాకుండా పెట్టుకునే అలవాటు వాడికి ఉంది.

సుమేరా మొదటిసారి చేసినప్పుడు ఇంకా అది పెట్టుకోలేదు. కట్ చేశాడు. ఆ తర్వాత పెట్టుకున్నాడు. అటు తర్వాత ఆమె ఎన్నిసార్లు చేసిందో లెక్క లేదు.

నా షాపులోకి పిల్లాణ్ని భుజాన వేసుకుని పరుగెత్తుకొచ్చింది. కాళ్ళకు చెప్పుల్లేవు. జునైద్ కళ్ళు పైకి తిరిగిపోయి ఉన్నాయి, చేతులు కొట్టుకుంటున్నాయి, నోట్లోంచి నురుగు. ఆటో ఎట్లా ఎక్కామో, దవాఖానా మెట్లు ఎట్లా ఎక్కామో నాకు గుర్తు లేదు. ఆటోలో సుమేరా ఒక చేత్తో పిల్లాణ్ని అదుముకుని ఇంకో చేత్తో ఫోన్ చేస్తూనే ఉంది. జ్వరం తలకెక్కి ఫిట్స్ వచ్చాయన్నారు. ఇంజక్షన్ ఇచ్చారు, సెలైన్ పెట్టారు. ఆ చిన్న చేతికి నరం దొరక్క నర్సమ్మ పొడిచి పొడిచి చూస్తుంటే, సుమేరా ఆ చెయ్యి కదలకుండా పట్టుకుని నిలబడింది. నేను చూడలేక ముఖం తిప్పుకున్నాను. పిల్లాడు బతికాడు, అల్లా దయ.

మన్సూర్ పరుగున వచ్చేసరికి జునైద్ నిద్రపోతున్నాడు. మా వాడి ముఖాన బొగ్గు దుమ్ము అట్లాగే ఉంది. పిల్లాణ్ని చూసి గోడకు తల కొట్టుకుని ఏడ్చాడు. ఎక్కడ చచ్చావురా అని అడిగాను. అబద్ధం చెప్పడం వాడికి రాదు. ఆ రోజు ఒక్క అబద్ధం చెప్పినా బాగుండేది.

"సారు పడిపోయి ఉండె ఆపా. పోయి లేపకుంటే చచ్చిపోతడు. లేపినంక చేద్దమనుకున్న" అన్నాడు.

ఎవరు పడిపోయారో, ఎక్కడ పడిపోయారో నాకు ఒక క్షణం అర్థం కాలేదు. నిజంగానే ఎవరో మనిషి బెల్టు దగ్గర పడిపోయాడేమో అనుకున్నాను. తర్వాత అర్థమైంది, పడింది ఆటలోని సారు బొమ్మ అని. అందరి ముందూ చెంప పగలగొట్టాను. వాడు ఆ సాయంత్రమంతా, మర్నాడంతా మంచం పక్కనే కూర్చున్నాడు, మందులు తెచ్చాడు, గంజి తెచ్చాడు. సుమేరా కావలసినవి అడిగేది, అంతే. పిల్లాణ్ని ఇంటికి పంపే రోజు అబూబకర్ గారు వచ్చారు. సుమేరా దవాఖానా నుంచే ఆయన వెంట దమ్మపేట బస్సు ఎక్కింది.

ఆ తర్వాత వాడు మనిషిగా లేడు. షిఫ్టుకు పోవడం, రావడం, నేను పెట్టింది తినడం. ఒకరోజు ఫోన్ నా ముందు పెట్టి, "తీసేసిన ఆపా" అన్నాడు. చూస్తే పబ్జీ లేదు. ఆ సారు జట్టులోంచి కూడా తప్పుకున్నాడట. సారు ఏమన్నాడురా అంటే, వేరే నాయకుణ్ని చూసుకున్నడు అన్నాడు. సరే, వీడు మారాడు అనిపించింది. అబూబకర్ గారికి ఫోన్ చేసి, వచ్చి మాట్లాడతాం అన్నాను. రండమ్మా అన్నారు.

మా తరఫున పెద్దమనిషి అంటే నేనే. బస్సులో దమ్మపేట దాకా వాడికి పాఠం చెప్పాను. "రెండే మాటలు. తప్పు నాది. ఆట తీసేశాను, ఇక ముట్టను. మూడో మాట నీ నోట్లోంచి వస్తే అక్కడే నాలుక కోస్తా." వాడు బుద్ధిగా తల ఊపాడు.

అబూబకర్ గారి షాపు ముందుభాగం, ఇల్లు వెనక. మధ్యలో ఒక పాత పూల కర్టెన్. షాపులో వార్నిష్ వాసన, రాగి తీగల చుట్టలు, విప్పిపెట్టిన మోటార్లు. నాలుగు కుర్చీలు వేశారు. వాళ్ళ తరఫున పెద్దమనిషిగా పగిడయ్య గారని కూర్చున్నారు, కోయ పెద్దాయన, ఒకప్పుడు వార్డు మెంబరు, అబూబకర్ గారికి ఏళ్ళనాటి స్నేహితుడు. సోహైల్ ఒక మూల స్టూలు మీద ఉన్నాడు. వాడు పామాయిల్ గెలలు ఫ్యాక్టరీకి తోలే బండి నడుపుతాడు. సుమేరా కర్టెన్ వెనక ఉంది, కింద ఆమె కాళ్ళు కనబడుతున్నాయి. జునైద్ లోపల నిద్రపోతున్నాడట.

మొదలు బాగానే మొదలైంది. దమ్మపేట వాళ్ళ మాట మా కన్నా కాస్త మెత్తగా ఉంటుంది, అబూబకర్ గారిది ఇంకా మెత్తన. "అమ్మాయిని పంపకూడదని మాకేం లేదమ్మా. కాకపోతే బిడ్డ ప్రాణం మీదికి వచ్చింది కదా. మళ్ళీ అలాంటిది జరగదని అల్లుడు నోటితో ఒక్క మాట చెబితే చాలు" అన్నారు.

నేను మన్సూర్ వైపు చూశాను. వాడు నోరు తెరిచాడు. సరిగ్గా అప్పుడే పగిడయ్య గారు, "ఆగయ్యా, ఒక్కటి అడుగుతా. అసలు ఏంటా ఆట? అందరూ అనడమే గాని నాకు తెలవదు. వేటలాంటిదా?" అన్నారు.

"అవ్ పెద్దయ్యా, గట్లనే. వందమంది ఒక దీవి మీద దిగుతరు. ఆఖరికి మిగిలినోళ్ళు గెలిచినట్టు" అన్నాడు మన్సూర్.

"చంపినాక ఏం తింటారు?"

"తినేదేం లేదు. గెలిస్తే చికెన్ డిన్నర్ అని వస్తది."

"కోడి దొరుకుద్దా?"

"దొరకదు. ఉత్త మాటే."

పగిడయ్య గారు నవ్వారు, అబూబకర్ గారూ నవ్వారు. నాకూ పెదవి మీదికి నవ్వొచ్చింది. మనసులు కాస్త మెత్తబడ్డాయి, మంచిదే అనుకున్నాను. ఇంతలో మూలనుంచి సోహైల్ అందుకున్నాడు.

"తాతా, దూలాభాయ్ చేసిన తప్పు ఒక్కటే. తప్పు ఆట పట్టుకున్నాడు. మాది పది నిమిషాల్లో అయిపోతుంది. ఫ్యాక్టరీ దగ్గర బండ్ల లైనులో కూర్చుని ఆడతాను, నా బండి వంతు వచ్చేసరికి అయిపోతుంది. ఆ రోజు దూలాభాయ్ ఫ్రీ ఫైర్ ఆడుతూ ఉంటే అక్క రెండోసారి చేసేసరికి ఫోన్ ఎత్తేవాడు."

కుర్రాడు మంచికే అన్నాడు. బావను గట్టెక్కించాలనే అన్నాడు. కానీ మా వాడి చెవులు ఎర్రబడడం నేను చూశాను. మోచేత్తో పొడిచాను. కుర్చీ కింద నుంచి కాలు తొక్కాను. లాభం లేదు.

"పది నిమిషాల్ల అయిపోయేది ఆటెట్ల అయితది సోహైల్?" అన్నాడు. "దిగుడు, కాల్చుడు, సచ్చుడు. గంతే కదా?"

"తక్కువ ఫోన్లో కూడా నడుస్తుంది దూలాభాయ్. ఎంతమంది ఆడతారో చూడండి."

"ఎక్కువ మంది ఆడితే గొప్పదైతదా? మా దాంట్ల ఎవడన్న నడిస్తే ఏ దిక్కు నుంచి నడుస్తున్నడో చెవికి తెలుస్తది. తుపాకీ తుపాకీకి బరువు తెలుస్తది. మీ దాంట్ల ఏమున్నది, కష్టమొస్తే టపుక్కున ఒక మంచు గోడ లేస్తది. నిజంగ గోడలు గట్ల లేస్తయా?"

"ఆ గోడ సమయానికి లేపడంలోనే ఉంది పనితనం. మీ దాంట్లో సగంసేపు గడ్డిలో పడుకోవడమే కదా!"

"పడుకునుడు కాదు, ఓపిక పట్టుడు!"

"మరి ఏది కష్టం?" అని అబూబకర్ గారు అడిగారు. ఆయనా మెకానిక్కే, ఏ యంత్రం మెరుగో తేల్చుకోవాలన్న దురద ఆయనకూ ఉంటుంది కాబోలు. సోహైల్ ఫోన్ తీసి చూపించాడు. మన్సూర్ కుర్చీ ముందుకు జరుపుకుని ఆ ఫోన్ చేతిలోకి తీసుకుని, ఇదిగో ఇక్కడ చూడండి, ఈ చెట్టు చూడండి, చెట్టంటే ఇట్లా ఉంటుందా అని చూపించసాగాడు. పగిడయ్య గారు కళ్ళద్దాలు పెట్టుకుని వంగారు. అడివిలో పుట్టి పెరిగిన మనిషి, చెట్టు బాగా లేదని తీర్పు చెప్పారు. నలుగురు మగవాళ్ళ తలలు ఒక ఫోన్ మీద కలుసుకున్నాయి. కర్టెన్ కింద కాళ్ళు కదలకుండా అట్లాగే ఉన్నాయి.

"మన్సూర్!" అన్నాను నేను. వాడు వినలేదు. బెల్టు హోరులో ఉన్నవాడికి వినబడనట్టే వినబడలేదు. ఇన్ని రోజుల తర్వాత వాడి ముఖంలో వెలుగు చూశాను. వాడు ఎంత బాగా మాట్లాడుతున్నాడంటే, పాపం సోహైల్ దగ్గర జవాబులు అయిపోయాయి.

"సరే దూలాభాయ్, ఒప్పుకున్నా. ఆటగా చూస్తే మీదే పెద్దది" అన్నాడు సోహైల్ నవ్వి.

"గదీ!" అన్నాడు మా వాడు, తొడ చరిచి. రెండు మాటలు చెప్పడానికి వచ్చినవాడు ఆ రెండూ చెప్పనే లేదు. ఆట తీసేశానన్న మాట కూడా చెప్పలేదు. గెలిచాడు, అంతే.

కర్టెన్ పక్కకు జరిగింది. సుమేరా బయటికి వచ్చింది. తల మీద దుపట్టా సర్దుకుని, తండ్రి కుర్చీ వెనక నిలబడింది. కోపంగా లేదు. కోపంగా ఉంటే నాకు అంత భయం వేసేది కాదు.

"ఒక్కటి అడుగుతా" అంది మన్సూర్‌తో. "ఆ రోజు నేను మొదటిసారి ఫోన్ చేసినప్పుడు మీ ఆటలో ఇంకా ఎంతమంది మిగిలి ఉన్నారు?"

"పదకొండు మంది" అన్నాడు వాడు. ఆలోచించుకోలేదు. అడగడమే ఆలస్యం అన్నట్టు చెప్పేశాడు. "సారు గోదాం వెనకాల పడి ఉండె. ఎడమ దిక్కు గుట్ట మీద ఇద్దరున్నరు. గందుకే నేను కుడి దిక్కు నుంచి..."

అక్కడ ఆగాడు. వాడికే ఏదో తట్టినట్టుంది.

"జునైద్‌కు సెలైన్ ఏ చేతికి పెట్టారు?" అంది సుమేరా.

మన్సూర్ ఆమె ముఖం చూశాడు, నా ముఖం చూశాడు. ఆ సాయంత్రమంతా, మర్నాడంతా ఆ మంచం పక్కనే కూర్చున్న మనిషి. ఏదో ఒక చెయ్యి చెబితే సగం అవకాశం ఉంది కదా, ఆ మాత్రం కూడా చెప్పలేదు. ముందే అన్నాను, వాడికి అబద్ధం రాదు.

"అబ్బా, నేను ఇప్పుడు వెళ్ళను" అంది సుమేరా తండ్రితో. తర్వాత నా వైపు తిరిగి, "ఆపా, అన్నం తిని వెళ్ళండి" అంది. ఆమె తల మీద చెయ్యి పెట్టి లేచాను. పంపండి అని నేను అడగలేదు. ఆ మాట అడగడానికే అంత దూరం వచ్చి, అడగకుండా వచ్చేశాను. అబూబకర్ గారు తల దించుకుని ఒక రాగి తీగ చుట్టను అటూ ఇటూ జరుపుతున్నారు. సోహైల్ వాకిలి దాకా వచ్చాడు.

బస్టాండులో పాల్వంచ బస్సు నిలబడి ఉంది. ఎక్కి కూర్చున్నాం. తిట్టడానికి నా దగ్గర చాలా ఉంది, ఇంకో రోజైతే ఆ బస్సు మొత్తం వినేలా తిట్టేదాన్ని. వాడు కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు. భుజాలు కదులుతున్నాయి. కాసేపటికి ఇటు తిరిగాడు.

"ఏ చెయ్యి ఆపా?" అన్నాడు.

నాకు తెలుసు. చెప్పాలనిపించింది కూడా. చిన్నప్పటినుంచీ వాడు అడిగిన ప్రతిదీ నేను చెబుతూ వచ్చాను, ఏ చొక్కా వేసుకోవాలి దగ్గర్నుంచి.

"నేను చెప్పను" అన్నాను. "పోయి చూసుకో."

డ్రైవరు ఎక్కి హారన్ కొడుతుంటే వాడు లేచి, నా మోకాళ్ళు దాటుకుని దిగిపోయాడు. బస్సు కదిలేసరికి వాడు బజారులో ఎటు నడుస్తున్నాడో నాకు కనబడలేదు. ముందు రానిస్తారా, రానిచ్చినా ఏం మాట్లాడతాడు, మళ్ళీ ఏం చెడగొడతాడు అనుకుంటూ దారి పొడుగునా నా ప్రాణం నా దగ్గర లేదు.

ఇల్లు చేరి దీపాలు పెట్టే వేళకు ఫోన్ వచ్చింది.

"ఎడమ చెయ్యి ఆపా. ఇంకా నల్లగనే ఉన్నది. ముట్టుకుంటే గుంజుకున్నడు."

"సుమేరా ఏమంది?"

"ఏమనలే. నేను వాకిట్ల నిలబడ్డ. నిద్ర లేపి తెచ్చి నా చేతికిచ్చింది. లోపలికి పోయింది."

"నువ్వేమన్నావు?"

వెనక పిల్లాడు ఏదో అంటున్నాడు.

"ఏం చెప్పాల్నో తెలుస్తలేదు ఆపా" అన్నాడు.